బడి లాప్‌టాప్ తాళం ఎవరి దగ్గర ఉండాలి?

పేద దేశాల పిల్లల కోసం వంద డాలర్ల లాప్‌టాప్ తయారు చేస్తామని ఎంఐటీ మీడియా ల్యాబ్‌కు చెందిన నికొలస్ నెగ్రోపాంటే 2005 జనవరిలో దావోస్‌లో ప్రకటించారు. ఆ ఏడాదే యాపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ తమ మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఆ లాప్‌టాప్‌లకు ఉచితంగా ఇస్తామని ముందుకొచ్చారు. పథకం వాళ్లు వద్దన్నారు. అది ఓపెన్ సోర్స్, అంటే ఎవరైనా లోపలి కోడ్ తెరిచి చూసి మార్చుకోగలిగేది, కాదు కాబట్టే తీసుకోలేదని ఆ పథకానికి ఆద్యుల్లో ఒకరైన సీమోర్ పాపర్ట్ అప్పట్లో పత్రికలకు చెప్పారు.

ఊరికే వస్తున్నదాన్ని ఎందుకు వదులుకున్నట్టు? చవక లాప్‌టాప్ అనగానే మన చర్చ లైసెన్సు ధర మీదికి పోతుంది. విండోస్‌కి ఎంత, ఓపెన్ సోర్స్ సిస్టమైన లినక్స్‌కి ఎంత, మిగిలేదెంత అని లెక్కలు వేస్తారు. ఆ లెక్కా కావాల్సిందే. కానీ అంతకంటే పెద్దది ఇంకొకటి ఉంది. యంత్రం బడికి చేరిన మూడో ఏడో నాలుగో ఏడో దాన్ని మార్చుకునే, బాగుచేసుకునే అధికారం ఎవరి చేతిలో ఉంటుంది? ఆ అధికారాన్ని వాడుకోగల మనుషులు అక్కడ ఉంటారా? ఈ రెండిట్లో ఏది లోపించినా పథకం కుంటుపడుతుంది. ఇప్పటిదాకా జరిగిన ప్రయత్నాలను కాస్త దగ్గరగా చూస్తే ఆ సంగతి తెలుస్తుంది.

ఓఎల్‌పీసీ (వన్ లాప్‌టాప్ పర్ చైల్డ్, అంటే ఒక్కో బిడ్డకు ఒక లాప్‌టాప్) పేరుతో వచ్చిన ఆ పథకం 2007 నవంబర్‌లో ఎక్స్ఓ అనే ఆకుపచ్చ, తెలుపు రంగుల చిన్న లాప్‌టాప్‌ను పెద్దఎత్తున తయారు చేయడం మొదలుపెట్టింది. ప్రాసెసర్ 433 మెగాహెర్ట్జ్, ర్యామ్ 256 ఎంబీ, నిల్వకు ఒక జీబీ ఫ్లాష్. హార్డ్ డిస్క్ లేదు, ఫ్యాన్ లేదు. మేరీ లూ జెప్సెన్ రూపొందించిన తెర మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా చదువుకునేలా ఉండేది. ధర మాత్రం వంద డాలర్ల దగ్గర ఆగక 188 డాలర్ల దాకా పోయింది. లోపల ఫెడోరా లినక్స్, దాని మీద పిల్లల కోసం ప్రత్యేకంగా రాసిన షుగర్ అనే ఇంటర్‌ఫేస్. షుగర్‌లో ఎక్కువ భాగం పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఉంది. కీబోర్డు మీద ఎఫ్ఎన్ మీట పట్టుకుని స్పేస్ బార్ నొక్కితే, అప్పుడు నడుస్తున్న ప్రోగ్రామ్ సోర్స్ కోడ్ తెర మీదికి రావాలని దాన్ని తయారు చేసినవాళ్ల ఉద్దేశం. తొలి విడతల్లో అది అరకొరగానే పనిచేసింది. అయినా ఆ ఉద్దేశం ఎంత పెద్దదో గమనించాలి. నాలుగో తరగతి పిల్ల తాబేలు బొమ్మతో గీతలు గీస్తూ, ఆ తాబేలును నడిపే వాక్యాలు ఎలా ఉంటాయో అక్కడికక్కడే తెరిచి చూడొచ్చు. ఒక అంకె మార్చి ఏమవుతుందో పరీక్షించవచ్చు. పిల్లలు కంప్యూటర్ చెప్పినట్టు వినడం కాక, కంప్యూటర్‌కు తామే చెప్పడం నేర్చుకోవాలని పాపర్ట్ పిల్లల ప్రోగ్రామింగ్ భాష లోగో కాలం నుంచీ అంటున్న మాట ఇదే. జాబ్స్ ఇస్తామన్న సిస్టమ్ ఎంత నాణ్యమైనదైనా ఆ పనికి దారి మూసేస్తుంది. అందుకే వద్దన్నారు.

అవతలి వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. ఎక్స్ఓ గురించి విద్యాశాఖల నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఒకటి ‘ఇందులో విండోస్ నడుస్తుందా?’ అన్నది. తల్లిదండ్రుల మనసులో కంప్యూటర్ చదువంటే విండోస్, వర్డ్, ఎక్సెల్. ఉద్యోగ ప్రకటనల్లో అడిగేదీ అదే. పదివేల ఊళ్లకు యంత్రాలు పంపే ప్రభుత్వానికి, ఆ ఊళ్ల పక్కనున్న చిన్న పట్నంలో రిపేరు చేసే కుర్రాడికి ఏ సిస్టమ్ తెలుసన్నది నిజంగానే ముఖ్యం.

అయితే ఉద్యోగాల వాదన చిన్న పిల్లల దగ్గర నిలబడదు. 2008లో మూడో తరగతి పిల్లవాడికి విండోస్ ఎక్స్‌పీ మెనూలు కంఠస్థం చేయించామనుకుందాం. 2014 ఏప్రిల్ 8న మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీకి మద్దతు ఆపేసే నాటికి వాడింకా హైస్కూల్లోనే ఉంటాడు. ఉద్యోగానికి వెళ్లేసరికి ఆ తెర ఎక్కడా కనిపించదు. వాడికి మిగిలేది ఫైలు అంటే ఏమిటి, ఫోల్డరు అంటే ఏమిటి, ప్రోగ్రామ్ ఎందుకు తప్పు చూపిస్తుంది, దాన్ని ఎలా సరిచేసుకోవాలి అన్న తెలివిడే. అది ఏ సిస్టమ్ మీదైనా వస్తుంది. ఇంటర్, పాలిటెక్నిక్ విద్యార్థుల సంగతి వేరు. రెండేళ్లలో అకౌంట్స్ పనికి వెళ్లబోయే అమ్మాయికి ఎక్సెల్ రాకపోవడం నిజమైన నష్టం. తమిళనాడు 2011లో మొదలుపెట్టిన ఉచిత లాప్‌టాప్ పథకంలో విండోస్‌తో పాటు కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారు చేసిన బాస్ లినక్స్ కూడా పెట్టడం ఆ వయసు పిల్లలకు సబబైన ఆలోచనే. కానీ రెండోదాన్ని తెరవమని చెప్పే పాఠం, పరీక్ష లేకపోతే అది డిస్కులో చోటు ఆక్రమించి ఊరుకుంటుంది.

ఇక ధర. 2007 ఏప్రిల్‌లో బిల్ గేట్స్ బీజింగ్‌లో ఒక ప్యాకేజీ ప్రకటించారు. ప్రభుత్వాలు పిల్లలకు కొనిచ్చే కంప్యూటర్లకు విండోస్ ఎక్స్‌పీ స్టార్టర్, ఆఫీస్ కలిపి మూడు డాలర్లే. ఆ దెబ్బతో లైసెన్సు ఖర్చు అనే వాదన సగం పడిపోయింది. కానీ ఆ స్టార్టర్ ఎడిషన్‌లో ఏకకాలంలో మూడు ప్రోగ్రామ్‌లకు మించి తెరవనిచ్చేవారు కాదు. నాలుగోది నొక్కితే కుదరదని సందేశం వచ్చేది. యంత్రానికి శక్తి లేక పెట్టిన హద్దు కాదది. చవక సరుకు కొన్నవాళ్లు ఖరీదైన ఎడిషన్ వైపు చూడాలని పెట్టిన హద్దు. తర్వాత వచ్చిన విండోస్ 7 స్టార్టర్‌లో డెస్క్‌టాప్ మీది బొమ్మ మార్చుకునే వీలు కూడా తీసేశారు. పేద పిల్లలకు ఇచ్చే యంత్రంలో, ఉన్న సామర్థ్యాన్ని కావాలని తగ్గించి ఇవ్వడం ఏ రకంగా సమర్థించినా తప్పే. ఓపెన్ సోర్స్ వైపు వాదనల్లో ఇది బలమైనది. విచిత్రంగా, చర్చల్లో దీని ప్రస్తావన పెద్దగా రాదు.

నైజీరియాలో జరిగింది ఇంకా బాహాటం. ఇంటెల్ తయారు చేసిన క్లాస్‌మేట్ అనే చవక లాప్‌టాప్‌లను బడుల కోసం 17 వేల దాకా కొంటూ, అందులో ఫ్రెంచ్ కంపెనీ మాండ్రివా లినక్స్ పెట్టాలని 2007లో ఒప్పందం కుదిరింది. ఇంతలో, వాటిని తీసుకున్న సంస్థ లినక్స్ చెరిపేసి విండోస్ ఎక్కించబోతోందని తెలిసింది. మాండ్రివా అధినేత ఫ్రాన్స్వా బాన్సిలోన్ మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బాల్మర్‌కు బహిరంగ లేఖ రాశారు. ఆ మార్పిడి తర్వాత మార్కెటింగ్ కార్యక్రమాలకని నాలుగు లక్షల డాలర్ల ఒప్పందం మీద చర్చలు నడుస్తున్నాయని పత్రికల్లో వచ్చింది. చివరికి డబ్బు పెట్టిన నైజీరియా ప్రభుత్వ సంస్థ కలగజేసుకుని మాండ్రివానే ఉంచుతామంది. ఈ వ్యవహారంలో పిల్లలకు ఏది మంచిదన్న మాట ఎవరి నోటా వినిపించలేదు. లినక్స్‌తో పాఠం చెప్పబోయే ఉపాధ్యాయులనూ ఎవరూ అడిగినట్టు లేదు.

ఓఎల్‌పీసీ లోపల కూడా ఒత్తిడి పెరిగింది. ఒక జీబీ ఫ్లాష్‌లో ఎక్స్‌పీ పట్టదు. విడిగా రెండు జీబీ ఎస్‌డీ కార్డు పెడితేనే నడుస్తుంది. 2008 మేలో మైక్రోసాఫ్ట్‌తో కలిసి ఎక్స్ఓ మీద ఎక్స్‌పీ తెస్తున్నామని ప్రకటించారు. అంతకు కొద్ది వారాల ముందే సాఫ్ట్‌వేర్ బాధ్యతలు చూసిన వాల్టర్ బెండర్ బయటికొచ్చి, షుగర్‌ను ఏ యంత్రం మీదైనా నడిచేలా చేయడానికి షుగర్ ల్యాబ్స్ అనే సంస్థ పెట్టారు. షుగర్ ఈ రోజుకీ బతికి ఉందంటే అది తెరిచి ఉన్న కోడ్ కావడం వల్లే. కంపెనీ దారి మార్చుకుంటే కోడ్ చచ్చిపోనక్కర్లేదు, ఇష్టమున్నవాళ్లు తీసుకుని నడిపించుకోవచ్చు.

మరి ఎక్స్ఓ వెళ్లిన బడుల్లో ఏమైంది? ఉరుగ్వే 2007లో విల్యా కార్దాల్ అనే చిన్న ఊరితో మొదలుపెట్టి 2009 అక్టోబర్ కల్లా ప్రభుత్వ ప్రాథమిక బడుల పిల్లలందరికీ లాప్‌టాప్ ఇచ్చేసింది. ప్లాన్ సెయిబాల్ అనే సంస్థను అందుకోసమే నిలబెట్టి, ఇంటర్నెట్, రిపేర్లు, ఉపాధ్యాయుల శిక్షణ దాని కిందికి తెచ్చింది. పెరూ అంతకంటే ఎక్కువ యంత్రాలు కొంది గానీ మారుమూల కొండ ఊళ్లకు పెట్టెలు చేర్చడంతోనే ఊపిరి అయిపోయింది. అమెరికా ఖండాల అభివృద్ధి బ్యాంకు పరిశోధకులు అక్కడ 319 బడుల్లో అధ్యయనం చేసి 2012లో ఫలితాలు వెల్లడించారు. పిల్లవాడికి 0.12గా ఉన్న కంప్యూటర్ల నిష్పత్తి 1.18కి పెరిగింది. గణితం, భాష మార్కుల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండు దేశాల్లోనూ యంత్రం అదే, లినక్స్ అదే, షుగర్ అదే. తేడా అంతా వాటి వెనక నిలబెట్టిన మనుషులు, ఏర్పాట్ల దగ్గరే. ఓపెన్ సోర్స్‌ను గట్టిగా సమర్థించేవాళ్లు పెరూ ఊసు ఎత్తకుండా దాటేస్తుంటారు. అలా దాటేయకూడదు. కోడ్ తెరిచి ఉంటే చాలు, పిల్లలు వాళ్లంతట వాళ్లే నేర్చేసుకుంటారన్న నమ్మకం అక్కడ ఖరీదైన పాఠం చెప్పించుకుంది.

ఇంకో నిజమూ ఒప్పుకోవాలి. ఓపెన్ అని చెప్పుకున్న ఎక్స్ఓ పూర్తిగా ఓపెన్ కాదు. దాని వైఫై చిప్‌ను లోపలి నుంచి నడిపే ప్రోగ్రామ్ (ఫర్మ్‌వేర్) మార్వెల్ కంపెనీది, అది మూసి ఉన్నదే. ఈ విషయమై ఉచిత సాఫ్ట్‌వేర్ ఉద్యమకారులు అప్పట్లోనే గట్టిగా అభ్యంతరం చెప్పారు. పైగా దొంగతనం జరగకుండా అని చాలా యంత్రాలకు తాళం వేసి పంపారు. ఆ తాళం తీసే డెవలపర్ కీ అనే కోడ్‌ను అడిగి తెచ్చుకుంటే తప్ప సొంతంగా మార్చిన సిస్టమ్ దాని మీద ఎక్కదు. సోర్స్ కోడ్ చదువుకో, కానీ మార్చినదాన్ని నీ లాప్‌టాప్‌లో నడపాలంటే మా అనుమతి తెచ్చుకో అన్నట్టన్నమాట. లైసెన్సు కాగితం మీద స్వేచ్ఛ ఉన్నా యంత్రంలో తాళం ఉంటే పిల్లవాడికి దక్కేది సగమే.

ఈ సమస్య తర్వాతి కాలంలో బాగా పెరిగింది. ఆండ్రాయిడ్ అడుగున ఉన్నది లినక్స్ కెర్నలే, అంటే ఆ సిస్టమ్ మూల భాగమే. గూగుల్ సిస్టమ్‌తో నడిచే క్రోమ్‌బుక్ లాప్‌టాప్‌ల అడుగున కూడా అదే. అయినా క్రోమ్‌బుక్‌లకు అప్‌డేట్లు ఎప్పటిదాకా వస్తాయో గూగుల్ ముందే తేదీ పెడుతుంది. ఆ తేదీ దాటితే, కీబోర్డు, తెర, బ్యాటరీ బాగున్నా యంత్రం భద్రత కోల్పోతుంది. కరోనా కాలంలో అమెరికా బడులు కుప్పలుగా కొన్న క్రోమ్‌బుక్‌లకు ఈ గడువు ముంచుకొచ్చి గోల మొదలయ్యాక, 2023 సెప్టెంబర్‌లో గూగుల్ దాన్ని పదేళ్లకు పెంచింది. అటు మైక్రోసాఫ్ట్ 2021 నవంబర్‌లో బడుల చవక లాప్‌టాప్‌ల కోసమే విండోస్ 11 ఎస్ఈ తెచ్చింది. 2026 అక్టోబర్‌తో దానికి మద్దతు ముగిస్తామని చెప్పేసింది. అంటే అటూ ఇటూగా ఐదేళ్లు. ప్రభుత్వ బడిలో ఒక బల్ల ఇరవై ఏళ్లు వాడతారు. కంప్యూటర్‌ను అన్నేళ్లు వాడలేకపోవచ్చు గానీ, అది ఎప్పుడు పనికిరాకుండా పోవాలో వేరే దేశంలోని కంపెనీ నిర్ణయించడం ప్రజల డబ్బుతో కొన్న వస్తువు విషయంలో మింగుడుపడే సంగతి కాదు.

ఈ చిక్కుల మధ్య నిలబడి పనిచేసిన ఉదాహరణ మన పక్కనే ఉంది. కేరళ. 2001లో మొదలైన ఐటీ ఎట్ స్కూల్ పథకం మొదట్లో విండోస్ మీదే నడిచింది. కొన్నేళ్లకే లినక్స్ వైపు మళ్లి, 2008 నాటికి పదో తరగతి ఐటీ ప్రాక్టికల్ పరీక్షను పూర్తిగా ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీదికి తెచ్చేశారు. కీలకమైన ఎత్తుగడ ఆ పరీక్షే. పరీక్షలో ఉన్నదాన్ని బడి నేర్పక తప్పదు, ఉపాధ్యాయుడు నేర్చుకోక తప్పదు. బయటి కాంట్రాక్టరును కాకుండా, బడుల్లో పనిచేసే ఉపాధ్యాయుల్లోంచే మాస్టర్ ట్రైనర్లను తయారు చేసుకున్నారు. లెక్కల టీచరు జియోజీబ్రా మీద త్రిభుజాలు గీయించడం, బొమ్మల పాఠానికి జింప్ వాడించడం పాఠ్యపుస్తకంలోనే చేర్చారు. తమ అవసరాలకు సరిపడే ప్రోగ్రామ్‌లు, మలయాళం టైపింగ్‌తో సహా, ముందుగానే పెట్టిన సొంత లినక్స్ కూర్పును రాష్ట్ర సంస్థే తయారు చేస్తుంది. ఈ పథకమే 2017లో కైట్ అనే ప్రభుత్వ కంపెనీగా మారింది. కొత్త కూర్పు వచ్చినప్పుడు టీచరు పెన్‌డ్రైవ్ పట్టుకుని ల్యాబ్‌లోని యంత్రాలన్నిటికీ వరుసగా ఎక్కించుకుంటూ పోతారు. ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎన్ని యంత్రాలకు ఎక్కించారో ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు. దీనివల్ల లైసెన్సుల రూపంలో రూ. 3,000 కోట్లు ఆదా అయ్యాయని కైట్ 2019లో చెప్పింది. ఆ అంకె పూర్తి ధరకు లైసెన్సులు కొన్నట్టు ఊహించి వేసినది. ప్రభుత్వాలకు కంపెనీలు ఇచ్చే రాయితీలు లెక్కేస్తే తగ్గుతుంది. తగ్గినా ఫర్వాలేదు. రూపాయి ఆదా కాకపోయినా కేరళ చేసింది సరైన పనే, ఎందుకంటే ఆ రాష్ట్రం దగ్గర ఇవాళ వేల మంది ఉపాధ్యాయులు తమ ల్యాబ్‌ను తామే నిలబెట్టుకోగలరు.

తెలుగు రాష్ట్రాల్లో అలాంటి పునాది పడలేదు. కేంద్రం 2011లో తెచ్చిన ఆకాశ్ ట్యాబ్లెట్ తొలి యంత్రాల కూర్పు హైదరాబాద్‌లోనే జరిగింది. ఆండ్రాయిడ్ 2.2తో వచ్చిన ఆ యంత్రం నత్తనడకకు, తేలిపోయే బ్యాటరీకి పేరు పడి మరుగున పడింది. 2022 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల్లోని ఎనిమిదో తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌లు బైజూస్ పాఠాలతో ఇచ్చింది. పిల్లలు పక్కదారి పట్టకుండా వాటికి తాళం వేశారు. కొందరు పిల్లలు ఆ తాళం తీసేశారని వార్తలు వస్తే, దాన్ని క్రమశిక్షణ సమస్యగా చూశారే తప్ప వాళ్ల తెలివిని పాఠంలోకి ఎలా తేవాలా అని ఎవరూ అడగలేదు. 2024 జూలైలో బైజూస్ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. పాఠాలు తయారు చేసిన కంపెనీ చిక్కుల్లో పడితే ఆ పాఠాలను సరిదిద్దే, కొత్త సిలబస్‌కు మార్చే హక్కు ప్రభుత్వానికి ఉండాలా వద్దా? ఆపరేటింగ్ సిస్టమ్ గురించి అడిగే ప్రశ్నే పాఠాల గురించీ అడగాలి.

భాష సంగతి కూడా ఇక్కడే వస్తుంది. తెలుగులో తెర కావాలంటే ఓపెన్ సోర్సే దిక్కని కొందరంటారు. అది పూర్తి నిజం కాదు. మైక్రోసాఫ్ట్ 2006లోనే బొలీవియాలో కెచువా భాషలో విండోస్ విడుదల చేసింది. తెలుగు తెరలు కూడా ఇచ్చింది. కానీ అనువాదంలో తప్పు కనిపిస్తే దిద్దే హక్కు కంపెనీదే. అదే ఏడాది చిలీలో మపుచే తెగ పెద్దలు తమను అడగకుండా తమ భాషలో విండోస్ తెస్తున్నారని అభ్యంతరం చెప్పారు. ఓపెన్ సోర్స్‌లో ఆ దిద్దుబాటు ఎవరైనా చేయొచ్చు. హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ అనే సంస్థ కార్యకర్తలు చాలా ఏళ్లుగా తెలుగు కూర్పు కోసం చేస్తున్నది అదే. అయితే దిద్దే చేతులు పదిమందివే ఉన్నంతకాలం పని ఎగుడుదిగుడుగానే సాగుతుంది. విద్యాశాఖ జీతమిచ్చి నలుగురు భాషా పండితులను, నలుగురు ప్రోగ్రామర్లను కూర్చోబెడితే ఆ కథ మారుతుంది.

విండోస్ వైపే మొగ్గాల్సిన సందర్భం ఒకటి నిజంగా ఉంది. చూపు లేని విద్యార్థులు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్ ఉచితం, ఓపెన్ సోర్స్ కూడా. కానీ అది నడిచేది విండోస్ మీదే. లినక్స్‌లో ఓర్కా ఉంది గానీ చాలామంది అంధ విద్యార్థులు అలవాటుపడింది ఎన్‌వీడీఏకే, శిక్షణ ఇచ్చేవాళ్లు దొరికేదీ దానికే. అలాంటి విద్యార్థి చేతికి సిద్ధాంతం కోసం వేరే యంత్రం పెట్టడం అన్యాయం. ఆ పిల్లలకు విండోస్ కొనివ్వాలి, ఏ సంకోచం లేకుండా.

మిగతా బడి యంత్రాలకు, ముఖ్యంగా పదో తరగతి లోపు, ప్రజాధనంతో కొనేటప్పుడు ఓపెన్ సోర్స్‌నే మొదటి ఎంపికగా పెట్టాలి. ఆ మాట ఉపన్యాసంలో చెబితే ప్రయోజనం లేదు, టెండరు పత్రంలో రాయాలి. ఇచ్చే లాప్‌టాప్‌లో వైఫై, కెమెరా, సౌండ్ అన్నీ మామూలు లినక్స్ కెర్నల్‌తో పనిచేయాలని, కంపెనీ పంపిన నమూనా యంత్రం మీద ఉపాధ్యాయుల బృందమే సిస్టమ్ ఎక్కించి చూశాకే బిల్లు పాస్ కావాలని రాయాలి. తాళం వేస్తే దాన్ని తీసే కీ మొదటి రోజు నుంచే విద్యాశాఖ దగ్గర ఉండాలి. అప్‌డేట్లు ఆగిపోయే తేదీ ధర పక్కనే కనిపించాలి. ప్రభుత్వ డబ్బుతో తయారైన పాఠాలను మార్చుకునే హక్కు ఒప్పందంలోనే ఉండాలి. మొత్తం బడ్జెట్‌లో కొంత భాగాన్ని యంత్రాల కింద ఖర్చు చేయకుండా, మండలానికి ఒక ఉపాధ్యాయుడిని బోధన భారం తగ్గించి మాస్టర్ ట్రైనర్‌గా తీర్చిదిద్దడానికి కేటాయించాలి. కంపెనీలు మొదటి నాలుగు షరతులకు గొణుగుతూనైనా ఒప్పుకుంటాయి. చివరిదానికి ఒప్పుకోవాల్సింది ఆర్థిక శాఖ. ఇప్పటిదాకా పథకాలు చతికిలబడింది ఎక్కువగా అక్కడే.